ఆరు గంటలు ఆడి పదికి నాలుగు వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: అన్నా, నాది ఒడిశాలోని పర్లాకిమిడి. తెలుగులో వీడియో గేమ్స్ మీద రివ్యూ వీడియోలు చేస్తుంటాను. షూటింగ్ గేమ్స్, కార్ రేసింగ్ అంటే నాకు ప్రాణం. టర్న్ బేస్డ్ ఆటలు, అదే మన వంతు వచ్చేదాకా ఆగి, ఒక దెబ్బ కొట్టి, మళ్లీ ఆగే రకం, అస్సలు పడవు. చూసేవాళ్లేమో ఆ రకం ఆటే అయిన బాల్డర్స్ గేట్ 3 గురించి చెప్పమని ఒకటే అడుగుతున్నారు. కొని ఆరు గంటలు ఆడాను, నిద్రొచ్చింది. పదికి నాలుగు అని స్క్రిప్ట్ రాసుకున్నాను, మీకూ పంపుతున్నాను. మా అక్క స్కూల్ టీచర్. సెలవుల్లో అదే కంప్యూటర్‌లో ఆ ఆట మొదలుపెట్టి యాక్ట్ 2 దాకా, అంటే కథలో రెండో భాగం దాకా, వెళ్లింది. నా స్క్రిప్ట్ చదివి, "నువ్వు ఆడింది ఏటి, రాసింది ఏటి? నచ్చకపోతే ఊరుకో, మార్కులు వేయడానికి నువ్వెవడివి?" అని తగులుకుంది. నా ఫ్రెండ్ మాత్రం రివ్యూయర్ అన్నాక అన్నీ చూడాలి, ఇష్టమైనవే చూస్తే వాడు వట్టి ఫ్యాన్ అంటాడు. ఇద్దరిలో ఎవరిది కరెక్ట్? నచ్చని రకం ఆటని రివ్యూ చేయొచ్చా, మానేయాలా?

సమాధానం: తమ్ముడూ, చేయొచ్చు. నన్నడిగితే నీలాంటివాళ్లు చేయాలి కూడా, ఎందుకో కింద చెప్తాను. కానీ నువ్వు పంపిన స్క్రిప్ట్‌ని మాత్రం ఇలాగే బయట పెట్టకు. అది ఇంకా రివ్యూ కాలేదు.

అందులో నీకు బాగా ఒళ్లు మండించిన విషయం ఒకటి ఉంది. "మనం కొట్టే దెబ్బ సగం సార్లు తగలదు, అంతా పాచికల మీద అదృష్టమే, ఇందులో మన స్కిల్ ఏముంది" అని రాశావు. ఈ ముక్క చదవగానే నువ్వు ఎలా ఆడావో నాకు కళ్లకు కట్టినట్టు కనపడింది. శత్రువు కనపడగానే వాడికి ఎదురుగా వెళ్లి నిలబడ్డావు, కొట్టావు, వంతు ముగించావు, వాడు కొట్టాడు, మళ్లీ నువ్వు కొట్టావు. ఆ ఆటలో శత్రువు మీద మౌస్ పెడితే దెబ్బ తగిలే అవకాశం ఎంత శాతమో ముందే చూపిస్తుంది కదా. అక్కడ 50 అని కనపడితే, ఇక్కణ్ణుంచి ఇలా కొట్టడం తెలివైన పని కాదని ఆటే నీకు చెప్తోంది. విల్లు పట్టుకున్నవాడిని పక్కనున్న మెట్ట ఎక్కిస్తే, ఎత్తులో ఉన్నందుకు పాచికలో వచ్చిన అంకెకి 2 కలుస్తుంది. కనపడకుండా నక్కి కొడితే ఇరవై ముఖాల పాచికని రెండుసార్లు వేసి పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకుంటుంది. శత్రువు కొండ అంచున నిలబడి ఉంటే అసలు కత్తి తీయనే అక్కర్లేదు, పక్కకెళ్లి తోసేయొచ్చు, ఆ తోపు పడిందంటే వాడి కథ అయిపోయినట్టే, పైగా తోయడం బోనస్ యాక్షన్, అంటే వంతులో అదనంగా దొరికే చిన్న పని, కిందకి వస్తుంది కాబట్టి అదే వంతులో ఇంకొకణ్ణి కొట్టే అవకాశం నీకు మిగిలే ఉంటుంది. నేల మీద గ్రీజ్ మంత్రం వేసి, దాని మీద వాళ్లు జారి పడ్డాక నిప్పు అంటించడం ఇంకో పద్ధతి. నీ స్క్రిప్ట్ మొత్తంలో తోయడం గురించి గానీ, ఎత్తు గురించి గానీ, నిప్పు గురించి గానీ ఒక్క మాట లేదు.

బీజీఎంఐ అనే ఫోన్ షూటింగ్ గేమ్‌లో మెట్ట మీదున్నవాడిదే పైచేయి అని నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. బయలు ప్రదేశంలో నిలబడి కాల్చి, చచ్చిపోయి, "ఈ ఆటలో స్కిల్ లేదు" అని ఎవడైనా వీడియో పెడితే నీకు ఎంత మండుతుందో ఆలోచించు. మీ అక్కకి మండింది అందుకే. నీకు నచ్చలేదని ఆవిడకి బాధ లేదు. నచ్చకపోవడం వేరు, అర్థం కాకముందే విసిగిపోవడం వేరు. నీ స్క్రిప్ట్‌లో ఈ రెండూ కలిసిపోయాయి, చూసేవాడికి ఏది ఏదో తెలియదు.

ఇది ఈ ఒక్క రకం ఆటకే కాదు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ చాలామంది కొని, దెబ్బ తప్పించుకోవడానికి దొర్లమంటే మనిషి దున్నపోతులా దొర్లుతున్నాడు, కంట్రోల్స్ బాగోలేవు అని పడేశారు. అందులో నువ్వు మోయగలిగే బరువులో 70 శాతం దాటి కవచాలు, ఆయుధాలు తగిలిస్తే మనిషి బరువుగానే దొర్లుతాడు, అది ఆ ఆట నియమం. కవచంలో ఒక ముక్క తీసేస్తే చాలు, దొర్లడం మారిపోతుంది. ఆ సంగతి తెలుసుకున్నాక కూడా "నాకు ఈ చావడం, మళ్లీ మొదటి నుంచి రావడం పడదు" అంటే ఆ మాటకి విలువుంది. తెలుసుకోకముందు అన్నదానికి లేదు.

మీ ఫ్రెండ్ మాటకొస్తే, అతను చెప్పినంత సూటిగా ఏమీ జరగదు. ఇంగ్లిష్‌లో పెద్ద పెద్ద పత్రికల్లో, సైట్లలో ఎడిటర్లు ఏ రకం ఆట వస్తే ఆ రకం తెలిసినవాడికే ఇస్తారు, స్ట్రాటజీ ఆట స్ట్రాటజీ మనిషికి, ఫుట్‌బాల్ ఆట ఫుట్‌బాల్ చూసేవాడికి. అందులో తప్పేమీ లేదు, వాళ్ల దగ్గర మనుషులున్నారు. జపాన్‌లో ఫామిట్సు అనే పత్రిక ఉంది, 1986లో మొదలైంది. వాళ్లయితే ఒక ఆటని నలుగురి చేత ఆడించి, ఒక్కొక్కరి చేత పదికి మార్కులు వేయించి, మొత్తం నలభైకి లెక్క చెప్తారు. ఆ నలభైకి నలభై మొదటిసారి 1998లో జెల్డా ఆటకి, ఒకారినా ఆఫ్ టైమ్‌కి, వచ్చింది. నాకు ఆ మొత్తం కంటే విడివిడిగా ఉన్న నాలుగు అంకెలే ఇష్టం. ముగ్గురు తొమ్మిది వేసి ఒకడు ఆరు వేశాడంటే ఆ ఆరు వేసినవాడు ఏమన్నాడో చదవబుద్ధి అవుతుంది.

మన సంగతి అలా కాదు. బాల్డర్స్ గేట్ 3 మీద ఇంగ్లిష్‌లో వందల రివ్యూలు ఉంటాయి, ఒకడు మానేస్తే ఇంకొకడు చేస్తాడు. తెలుగులో ఎంతమంది చేస్తారు? చేసినా, వాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని హైదరాబాద్ వాళ్లకి చెప్తారు. ఇటు పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో, జయపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో ఒడియా చదివిన కుర్రాళ్లు బోలెడుమంది ఉన్నారు. వాళ్లకి ఈ ఆట పనికొస్తుందా లేదా అని ఎవరు చెప్తారు? నువ్వు మానేస్తే ఆ రకం ఆటల గురించి వాళ్ల చెవిన పడే మాటే ఉండదు. అందుకే మీ అక్క అన్న "నచ్చకపోతే ఊరుకో" అనే మాటని నేను ఒప్పుకోను. మిగతా అంతా ఒప్పుకుంటాను.

పైగా నీకు నచ్చకపోవడంలో ఒక లాభం ఉంది, దాన్ని నువ్వు వాడుకోలేదు. ఒక రకానికి అలవాటు పడ్డవాడికి కొన్ని కష్టాలు కనపడవు. ఈ ఆటే తీసుకో, ఇది ఒళ్లంతా ఇంగ్లిష్. మాటలు, పుస్తకాలు, మంత్రాల వివరాలు, ఎవడితో ఏం మాట్లాడాలో ఎంచుకునే వరసలు, అన్నీ చదవాలి, చదివి అర్థం చేసుకోవాలి, లేకపోతే కథా తెలియదు, యుద్ధమూ తెలియదు. చాలా భాషల్లో వచ్చింది గానీ హిందీ లేదు, తెలుగు లేదు, ఒడియా లేదు. మీ అక్క టీచర్ కాబట్టి ఆవిడకి అది కష్టమే అనిపించి ఉండదు. నీకు మాత్రం రెండో గంటకే తల బరువెక్కిందని స్క్రిప్ట్ చివర్లో ఒక వాక్యంలో రాసి వదిలేశావు. అదే నీ రివ్యూకి గుండెకాయ, దాన్ని ముందుకు తీసుకురా. ఒడియా మీడియంలో పది దాకా చదివిన కుర్రాడు దాదాపు మూడు వేలు పెట్టి ఇది కొనాలా అని అడిగితే, ముందు చెప్పాల్సింది అదే.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. స్టీమ్‌లో, అదే కంప్యూటర్ ఆటలు అమ్మే సైట్‌లో, కొన్న ఆట నచ్చకపోతే 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు, అది నీకు తెలిసిందే. కానీ ఈ ఆటలో మన మనిషిని తయారు చేసుకోవడానికే, ముఖం, జాతి, వృత్తి, నైపుణ్యాలు అన్నీ ఎంచుకోవడానికే కొత్తవాడికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. మొదట్లో వచ్చే ఆ ఎగిరే ఓడ దిగేసరికి రెండు గంటలు అయిపోవచ్చు. అసలు ఆట అప్పుడే మొదలవుతుంది, డబ్బు వెనక్కి తీసుకునే గడువు అప్పుడే అయిపోతుంది. ఇంకా ఘోరం, 150 జీబీ ఖాళీ కావాలని స్టీమ్ పేజీలోనే రాసి ఉంటుంది. దించుకునేది అంతకంటే కొంచెం తక్కువే అనుకున్నా, ఇంట్లో ఫైబర్ లేకుండా రోజుకి 2 జీబీ ఫోన్ ప్యాక్ మీద నెట్టుకొచ్చేవాడికి 150 జీబీ అంటే 75 రోజులు. ఆట దిగేసరికే 14 రోజులు ఎప్పుడో పోయి ఉంటాయి. మన ఊళ్ల వాళ్లకి డబ్బు వెనక్కి వచ్చే దారి కాగితం మీదే ఉందన్నమాట, అందుకే కొనకముందు దొరికే మాటకి ఇంత విలువ. ఇది ఇంగ్లిష్ రివ్యూలో ఎవడూ చెప్పడు. నువ్వు చెప్పగలవు, ఆ ఆట నీకు నచ్చినా నచ్చకపోయినా.

ఎవరి కోసం మాట్లాడుతున్నావో తేల్చుకోవడమే ఇక్కడ అసలు పని. ఆ రకం ఆటలు ఇప్పటికే ఇష్టపడేవాడికి నీ అభిప్రాయంతో పని లేదు, వాడికి కావాల్సింది ముందొచ్చిన ఆటలతో పోలిస్తే ఇందులో ఏం మెరుగైంది, యుద్ధం లోతుగా ఉందా, చివరి భాగం ముక్కలుగా ఉందా, ఇలాంటివి. అవి నువ్వు చెప్పలేవు, చెప్పడానికి ప్రయత్నించకు. షూటింగ్ గేమ్స్ ఆడుతూ, ఇది బాగుందంట, మనకి పడుతుందా అని ఊగిసలాడేవాడు ఇంకొకడు. వాడికి నీకంటే మంచి రివ్యూయర్ దొరకడు, ఎందుకంటే వాడు ఎక్కడ విసిగిపోతాడో నువ్వు అక్కడే విసిగిపోయావు. వీడియో మొదటి అరనిమిషంలోనే ఈ సంగతి చెప్పెయ్: నేను షూటింగ్ మనిషిని, ఈ రకం ఆటలు నాకు పడవు, ఇన్ని గంటలు ఆడాను, ఇక్కడిదాకా వెళ్లాను అని. స్టీమ్‌లో మామూలు జనం రాసే ప్రతి రివ్యూ పక్కనా ఎన్ని గంటలు ఆడారో కనపడుతుంది, నీది మాత్రం కనపడకపోతే ఎలా?

ఒక రివ్యూ గుర్తొస్తోంది. 2014లో ఏలియన్ ఐసొలేషన్ అని ఒక భయపెట్టే ఆట వచ్చింది. ఐజీఎన్ అనే ఇంగ్లిష్ సైట్ దానికి పదికి 5.9 ఇచ్చింది. పీసీ గేమర్ పత్రిక వందకి 93 ఇచ్చింది. ఆ ఆటలో తుపాకీతో పని దాదాపు ఉండదు, బీరువాలో నక్కి ఊపిరి బిగబట్టి ఆ జంతువు వెళ్లిపోయేదాకా ఉండటమే పని. ఆటని సేవ్ చేయాలంటే గోడకున్న ఒక పెట్టె దగ్గరికి వెళ్లి కార్డు పెట్టి, మూడు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగేదాకా నిలబడాలి, ఆ కాసేపట్లో వెనక నుంచి అది వచ్చి చంపేయొచ్చు, చంపితే గతసారి సేవ్ చేసిన దగ్గర్నుంచి అంతా మళ్లీ. ఒకరికి ఇది హింస, ఇంకొకరికి ఇంత గొప్ప టెన్షన్ ఇంకెక్కడా దొరకదు. ఆ 5.9 రివ్యూని ఐజీఎన్ అప్రతిష్ఠ అని ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు. నేను తిట్టను. ఆట మరీ పొడుగు, మరీ కష్టం అని ఆ రివ్యూ రాసినతను చెప్పాడు, ఎందుకో చెప్పాడు. దాక్కోవడమే ఇష్టపడేవాడు ఆ రివ్యూ చదివితే పరిగెత్తుకెళ్లి కొంటాడు. నచ్చని ఆట మీద రివ్యూ రాస్తే అంత వివరంగా ఉండాలి, నీ విసుగు చదివి ఇంకొకడు "అరె, నాకు కావాల్సింది ఇదే కదా" అనుకోగలగాలి. "బోర్" అని వదిలేస్తే ఎవడికీ ఏమీ తెలియదు. ఎక్కడ బోర్, ఏం చేస్తుండగా బోర్, ఎంతసేపు?

మార్కుల సంగతి. నచ్చని రకానికి అంకె వేయకు, ఇందులో నేను గట్టిగా ఉంటాను. అంకె నీ వివరాన్ని వదిలేసి ఒంటరిగా తిరుగుతుంది. 2010లో ఫాలౌట్ న్యూ వెగాస్ అనే ఆట చేసిన ఒబ్సిడియన్ కంపెనీకి, రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు చూపే మెటాక్రిటిక్ సైట్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం ఉండేది, 84 వచ్చింది, బోనస్ పోయింది. ఆ సంగతి బయటపెట్టింది ఆ ఆట పనిలో ఉన్న డిజైనరే. నీ వీడియో మెటాక్రిటిక్ లెక్కలోకి రాదులే, కానీ ఒక అంకె ఎలా పనిచేస్తుందో చూడు. ఆ సగటులో ఏ ఒక్కడైనా "నాకు ఈ రకం పడదు" అని రెండు తగ్గించి ఉంటే? రేపు మన దగ్గరే ఎవరైనా చిన్న కంపెనీ వాళ్లు ఆట చేస్తారు, హైదరాబాద్ ఓగర్ హెడ్ స్టూడియో వాళ్లు 2017లో అసుర చేసినట్టు. అది రోగ్‌లైక్, చచ్చిన ప్రతిసారీ మొదటికి వస్తాం, లెవెల్స్ మళ్లీ కొత్తగా ఏర్పడతాయి. ఆ రకమే పడనివాడు పదికి మూడు అని తెలుగులో పెడితే, తెలుగులో ఉన్నది ఆ ఒక్క రివ్యూ అయితే, దాని బరువు ఎంత ఉంటుందో నువ్వే లెక్క వేసుకో.

ఒక్కచోట మాత్రం నీ అయిష్టాన్ని ఏమాత్రం దాచుకోకు. కొన్ని రకాల ఆటల్లో తప్పు ఆ రకంలోనే ఉంటుంది, అలవాటైన ఫ్యాన్స్‌కి అది తప్పులా కనపడటం మానేసింది. గాచా ఆటలు అలాంటివి. 2020లో వచ్చిన జెన్షిన్ ఇంపాక్ట్ చూడటానికి ఎంత అందంగా ఉంటుందో, తిరగడానికి ఎంత బాగుంటుందో నేనూ ఒప్పుకుంటాను. కానీ కొత్త పాత్ర కావాలంటే లాటరీ తీయాలి. 90 సార్లు తీస్తే అయిదు నక్షత్రాలది ఒకటి ఖాయం అంటారు, అది కూడా నువ్వు కోరుకున్నదే వస్తుందన్న హామీ ఉండదు. ఆ ఆట అలవాటైనవాడు రివ్యూ చేస్తే "గాచా మామూలే, మిగతావాటి కంటే నయం" అని ఒక ముక్కతో దాటేస్తాడు. పదో తరగతి కుర్రాడు నాన్న ఫోన్‌లో ఆడుతున్నప్పుడు యూపీఐ పిన్ ఒక్కటే అడ్డం ఉంటుంది. ఇక్కడ బయటివాడి కన్ను కావాలి, గట్టిగా మాట్లాడాలి, ఫ్యాన్స్ తిడితే తిట్టనీ.

ఇక నువ్వు చేయాల్సింది. ఆ ఆట ఇంకొంచెం ఆడు. మొత్తం పూర్తి చేయమనను, వంద గంటల దాకా లాగే ఆట అది, నచ్చనివాడికి శిక్షే. యాక్ట్ 1 అయ్యేదాకా ఆడు చాలు, అక్కని పక్కన కూర్చోబెట్టుకుని ఆడు, ఆవిడ "తొయ్యి" అన్నప్పుడు తొయ్యి. మీ ఊళ్లో పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల దగ్గరే వాళ్ల భాష నేర్చుకుని, ఆ తర్వాతే 1931లో సవర భాష మీద పుస్తకం తెచ్చారు. బయటివాడు రాయకూడదని ఆయన అనుకోలేదు, తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోకుండా రాయనూ లేదు. అంతా నేర్చుకున్నాక కూడా నీకు ఆ ఆట పడకపోతే పడలేదనే చెప్పు, అక్క కోసం మాట మార్చకు. ఆవిడ కూడా అది కోరుకోదని నా నమ్మకం.

తర్వాత ఇద్దరూ కలిసి వీడియో చేయండి. ఫామిట్సుకి నలుగురున్నారు, మీకు ఇద్దరున్నారు, తెలుగులో అది తక్కువేమీ కాదు. కొత్తవాడికి ఎక్కడ కష్టమో నువ్వు చెప్పు, ఆ కష్టం దాటాక ఏం దొరుకుతుందో ఆవిడ చెప్తుంది, ఇద్దరికీ కుదరని చోట వాదించుకోండి, ఆ వాదన ఎడిటింగ్‌లో కట్ చేయకు, చూసేవాళ్లకి బాగా పనికొచ్చే భాగం అదే అవుతుంది. ఆవిడ మాట్లాడేటప్పుడు మధ్యలో దూరకు. ఇంకోమాట, ఇకపై టర్న్ బేస్డ్ ఆట ఏదొచ్చినా ముందు ఆవిడ చేత చేయించు, కంప్యూటర్ ఒక్కటే అన్నావు కాబట్టి వారంలో ఏ రోజులు ఎవరివో ఇప్పుడే మాట్లాడుకోండి, లేకపోతే రెండో వీడియోకే గొడవవుతుంది. వీడియో మీద ఆవిడ పేరు నీ పేరు పక్కనే అదే సైజులో వెయ్, డబ్బులు వస్తే సగం ఆవిడకి ఇవ్వు.